నడుం వంచకుండా పెంచే తోట: రిటైరయ్యాక పది కుండీలతో మొదలుపెట్టే పద్ధతి

రిటైరైన కొత్తలో ఉత్సాహంగా తోట మొదలుపెట్టి మూడు నెలలకే వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు. మొక్కలంటే మోజు తీరిపోయి కాదు, నడుం, మోకాళ్లు మొరాయించి. నలభై కుండీలు ఒకేసారి తెచ్చి నేలమీద వరసగా పేర్చేస్తారు. ఎండ ముదిరాక ఒక్కో కుండీకి రోజుకు 2 లీటర్ల నీళ్లు కావాలి. నలభైకి 80 లీటర్లు, అంటే 80 కిలోల బరువు రోజూ మోయాలి, అదీ వంగి లేస్తూ. పాతికేళ్ల కుర్రాడు కూడా నెల తిరక్కముందే మానేస్తాడు.

కాబట్టి ఏ మొక్క పెంచాలన్న ప్రశ్న తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సినవి మూడు: కుండీ ఎంత ఎత్తులో ఉండాలి, నీళ్లు ఎంత దూరం నుంచి రావాలి, బరువు ఎక్కడ పడాలి. ఇవి కుదిరితే తోట రోజుకు నలభై నిమిషాల పని. మొదటి పంటకు పది కుండీలు చాలు. అవి బాగా వచ్చాక ఇంకో అయిదు పెంచుకోవచ్చు. ఇరవై దాటితే ఎవరో ఒకరి సాయం ఉండాల్సిందే.

1. చోటు చూసుకోవడం

ఎండ బాగా తగులుతుందిలే అని అంచనా వేసుకోవద్దు, లెక్కపెట్టండి. ఎండ కాసిన రోజున ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా రెండేసి గంటలకోసారి చూసి, ఎండ పడుతున్న చోట సుద్దముక్కతో గీత గీయండి. 6 గంటలకు తగ్గకుండా ఎండ పడే చోటే టమాటా, మిరప, వంగ లాంటి కాయ మొక్కలకు పనికొస్తుంది. 3, 4 గంటలే పడితే ఆకుకూరలు, పుదీనా వేసుకోండి. అలాంటి చోట టమాటా పెడితే మొక్క పొడుగ్గా, సన్నగా సాగుతుంది గానీ కాయదు. ఎంత ఎరువు వేసినా ఆ లోటు తీరదు.

కొళాయి పది అడుగుల దూరంలో ఉంటే మంచిది. నడిచే దారి 90 సెంటీమీటర్ల వెడల్పుంటే చేతికర్రతోనో వాకర్‌తోనో కూడా తిరగొచ్చు. ఆ దారిలో కుండీ కింది పళ్లేలు, పైపు చుట్టలు అడ్డం ఉండకూడదు. రోజూ నీళ్లు కారే చోట నాచు పడుతుంది. వారానికోసారి గరుకు చీపురుతో రుద్దండి. తోటలో జారిపడటానికి నాచు, కాళ్లకు తగిలే పైపు ముఖ్యమైన కారణాలు.

2. ఎత్తు కొలుచుకోవడం

తిన్నగా నిలబడి మోచేతిని మడిచి, నేలనుంచి మోచేతి దాకా కొలవండి. మనం పనిచేసే మట్టి మట్టం మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్ల కిందుంటే నడుం వంగదు. మోచేయి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, కుండీ ఎత్తు 30 అనుకోండి. 100 లోంచి 15, 30 తీసేస్తే 55. స్టాండు ఎత్తు అదే. కుర్చీలో కూర్చుని చేసుకునేవాళ్లు కూర్చున్నాకే మోచేతి ఎత్తు కొలుచుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. అన్ని కుండీలనూ ఒకే ఎత్తున పెట్టేస్తారు. ఆకుకూరలకు బల్లెత్తు బాగానే ఉంటుంది. టమాటా మొక్క మాత్రం తనంతట తానే అయిదడుగులు పెరుగుతుంది. దాన్ని బల్లమీద పెడితే కాయ కోయడానికి స్టూలెక్కాలి. స్టూలెక్కడమంటే పడటానికి ముహూర్తం పెట్టుకున్నట్టే. అందుకని టమాటా, తీగ చిక్కుడు లాంటివాటికి రెండు వరసల ఇటుకలు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు చాలు. మిరప, వంగ మోకాలెత్తున ఉండాలి. ఆకుకూరలు, నారు ట్రేలు నడుమెత్తున ఉండాలి.

బల్ల లోతు, ఒకవైపు నుంచే అందుకునేటట్టయితే 60 సెంటీమీటర్లు మించకూడదు. రెండువైపులా నడవగలిగితే 120 దాకా పర్వాలేదు. తడిసిన కుండీ ఒక్కోటి 15 కిలోలు తూగుతుంది. అయిదు పెడితే 75 కిలోలు. పుస్తకాల ప్లాస్టిక్ ర్యాకు ఆ బరువుకు కొన్నాళ్లకే ఒరిగిపోతుంది. సిమెంటు దిమ్మెల మీద మందపాటి చెక్క వేయండి, లేదా ఇనుప స్టాండు పెట్టండి.

మేడ మీదయితే కుండీలను గోడలు, దూలాలు ఉన్న వెంబడే పెట్టాలి, శ్లాబు నడిమధ్యన కాదు. చదరపు మీటరు మడిలో 30 సెంటీమీటర్ల మందాన తడిమట్టి నింపితే 450 నుంచి 500 కిలోలు అవుతుంది. ఇంజనీరుకు చూపించకుండా మేడమీద అలాంటి మడి కట్టించవద్దు.

3. కుండీలు

ఆకుకూరలకు లోతు 15 నుంచి 20 సెంటీమీటర్లుంటే చాలు, వెడల్పే ముఖ్యం. మిరప, వంగలకు 15 లీటర్ల కుండీ. టమాటాకు 20 లీటర్లు. పెద్ద కుండీ తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి ఒక పూట నీళ్లు మరిచిపోయినా మొక్క తట్టుకుంటుంది. చిన్న కుండీ కొన్నప్పుడు మిగిలే డబ్బు తర్వాత రోజుకు రెండుసార్లు నీళ్లు పోసే శ్రమగా తిరిగొస్తుంది.

మట్టికుండీలు చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ బరువు, పైగా తొందరగా ఆరిపోతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీ పక్కల నుంచి ఎండ కాస్తే వేడెక్కి వేళ్లు ఉడికినట్టవుతాయి. లేతరంగువి తీసుకోండి, లేకపోతే ముందువరసకు గోనెపట్టా చుట్టండి. గ్రోబ్యాగులు తేలిక, చవక. మట్టి నింపాక వాటిని లాగితే కుట్ల దగ్గర చిరుగుతాయి కాబట్టి ఒకసారి పెట్టిన చోటునుంచి కదపవద్దు.

అడుగున వేలు పట్టేంత రంధ్రాలు అయిదారు ఉండాలి. నీరు బాగా దిగుతుందని అడుగున గులకరాళ్లు పరచడం చాలాచోట్ల అలవాటుంది. దాంతో జరిగేది తలకిందులు. సన్నటి మట్టిలోంచి నీరు పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి సులువుగా దిగదు. పైమట్టి పూర్తిగా నానేదాకా అక్కడే ఆగుతుంది. తడి నిలిచే పొర రాళ్ల మందమంత పైకి జరిగి వేళ్లకు దగ్గరవుతుంది. రంధ్రాల మీద దోమతెర ముక్క ఒకటి వేస్తే మట్టి కారదు, అంతే చాలు.

4. మట్టి కలపడం

ఉత్త తోటమట్టి కుండీలో పనికిరాదు. నాలుగుసార్లు నీళ్లు పోసేసరికి గట్టిపడి వేళ్లకు గాలాడనివ్వదు. పైగా 15 లీటర్ల కుండీ తడిస్తే 25 కిలోలు దాటుతుంది. పది కుండీలకు, అంటే 150 లీటర్లకు కావలసినవి:

కొబ్బరిపొట్టు 60 లీటర్లు (5 కిలోల దిమ్మ ఒకటి నానితే ఇంత వస్తుంది)
జల్లించిన మట్టి 45 లీటర్లు
వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన పశువుల ఎరువు 45 లీటర్లు
వేపపిండి అరకిలో

కొబ్బరిపొట్టు దిమ్మను పెద్ద టబ్బులో పెట్టి కాసిని కాసిని నీళ్లు పోస్తూ విడనివ్వండి. 20 నుంచి 25 లీటర్ల దాకా పీలుస్తుంది. తడిసిన దిమ్మను ఎత్తబోవద్దు. కొన్ని దిమ్మల్లో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. గుడ్డలో వేసి రెండుసార్లు నీళ్లతో కడిగి పిండాలి. ఇది ఎగ్గొడితే మొలకల ఆకుల అంచులు మాడతాయి, కారణం మాత్రం ఎంత వెతికినా తట్టదు.

పారతో తిరగేయడం కన్నా తార్పాలిన్ మీద అన్నీ పోసి ఒక మూల పట్టుకుని ఎదుటి మూలకు లాగడం సులువు. నాలుగు మూలలనుంచీ రెండేసిసార్లు లాగితే బాగా కలుస్తుంది. కలిపేముందు నీళ్లు చిలకరించి, మాస్కు పెట్టుకోండి. సంచిలోని కంపోస్టు దుమ్ములో లెజియొనెల్లా అనే బాక్టీరియా ఉండే అవకాశం ఉంది. పెద్ద వయసువాళ్లకు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు అది న్యుమోనియా తెప్పించగలదు. సంచి మూతి తెరిచేటప్పుడు మొహం దగ్గర పెట్టకండి. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

పిడికెడు తీసి గట్టిగా పిసకండి. ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విడిపోతే సరిగ్గా కుదిరినట్టు. నీళ్లు కారితే తడి ఎక్కువైంది, ముద్దే కట్టకపోతే చాలలేదు. కుండీలను ఖాళీగా వాటి వాటి చోట్లలో పెట్టి, చిన్న చేటతోనో మగ్గుతోనో అక్కడే నింపండి. పైన రెండంగుళాలు ఖాళీ వదలాలి. వారంలో మట్టి ఇంకో అంగుళం దిగుతుంది.

5. విత్తడం

మొదటిసారికి ఈ పంపకం బాగుంటుంది: ఆకుకూరలు నాలుగు కుండీలు, టమాటా రెండు, మిరప రెండు, పొట్టి బీన్స్ ఒకటి, పుదీనా ఒకటి. టమాటా కాయడానికి నాటాక రెండు నెలల పైనే పడుతుంది. ఈలోగా చేతికొచ్చేది ఏదీ లేకపోతే మనసు నిలవదు. మెంతికూర 20 నుంచి 25 రోజుల్లో, తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తాయి. ఓపిక నిలబెట్టేది అవే. నాలుగు కుండీల్లోనూ ఒకే రోజు చల్లకుండా పదిరోజులకొకటి చొప్పున చల్లితే కూర విడవకుండా వస్తుంది.

తోటకూర గింజ ఇసుకరేణువంత ఉంటుంది. నాలుగు చెంచాల పొడి ఇసుకలో పావు చెంచా గింజలు కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడవు. గింజను దాని మందానికి రెండు మూడింతల లోతులోనే కప్పాలి. వేళ్లు సరిగా వంగనివాళ్లు, చూపు ఆననివాళ్లు టూత్‌పిక్ కొసను తడిపి ఒక్కో గింజను అంటించి తీస్తే సులువు. పేరు, తేదీ రాసే ప్లాస్టిక్ చీటీ మీద స్కెచ్‌పెన్ ఎండకు వెలిసిపోతుంది, మామూలు పెన్సిలు మాత్రం నిలుస్తుంది.

టమాటా, మిరప గింజలు నారు ట్రేలో ఒక్కో గడికి రెండు పెట్టండి. మట్టి 25 డిగ్రీల వేడిలో ఉంటే టమాటా 6 నుంచి 10 రోజుల్లో, మిరప 8 నుంచి 15 రోజుల్లో మొలుస్తాయి. మొలిచాక బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో కత్తిరించండి, పీకితే రెండోదాని వేరు కదులుతుంది. మొలకలు మట్టిని ఆనుకున్న మొదలు దగ్గర సన్నబడి ఒరిగిపోతే అది నారుకుళ్లు. తడి ఎక్కువై గాలి తగలక వచ్చే బూజు జబ్బు. పడినవి లేవవు. మిగిలిన ట్రేను గాలి తగిలేచోటకు మార్చి, పైమట్టి ఆరాకే నీళ్లివ్వండి.

నాలుగైదు నిజమైన ఆకులు (మొలకతో వచ్చే మొదటి రెండాకులు కాక, ఆ తర్వాత వచ్చేవి) వచ్చాక, అంటే 25 నుంచి 30 రోజులకు, సాయంత్రం పూట నాటండి. టమాటాను కింది రెండాకులు తుంచి కాండం సగం దాకా లోతుగా పాతిపెట్టొచ్చు, మట్టిలో ఉన్న కాండమంతా వేళ్లు వేస్తుంది. మిరపకు ఇది అక్కర్లేదు, ట్రేలో ఉన్న లోతే చాలు. టమాటాకు అయిదడుగుల ఊతకర్ర నాటిన రోజే గుచ్చాలి. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. మెత్తటి గుడ్డపేలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి.

6. నీళ్లు

కుండీమొక్కలు నీళ్లు తక్కువై చచ్చేదానికన్నా ఎక్కువై చచ్చేదే జాస్తి. రిటైరైనవాళ్ల తోటలో మరీను. తీరిక ఎక్కువ కదా, కనబడ్డప్పుడల్లా ఓ చెంబు పోస్తుంటారు.

వేలిని రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. చల్లగా తడిగా తగిలితే ఆ పూట పోయకండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కాస్త కారేదాకా పోయండి. రోజూ కొంచెం కొంచెం పోస్తే పై రెండంగుళాలే తడిసి వేళ్లు పైకొస్తాయి, ఆ తర్వాత ఒక్కరోజు ఎండకు కూడా తట్టుకోలేవు. మధ్యాహ్నం ఆకులు వాలి సాయంత్రానికి లేచి నిలబడితే అది ఎండ తాపమే. పొద్దున్నే వాలి ఉంటే దాహం. మట్టి తడిగా ఉండి కూడా వాలి ఉంటే వేళ్లు కుళ్లుతున్నాయి, నీళ్లు ఆపేయాలి. మూడింటికీ మందు ఒకటి కాదు, అందుకే వేలితో చూడకుండా చెంబు ఎత్తవద్దు.

కొబ్బరిపొట్టు బాగా ఎండిపోతే నీటిని పీల్చదు. పోసిన నీరు కుండీ అంచు వెంబడి జారి వెంటనే కింద కారుతుంది, మధ్యలో పొడిగానే ఉంటుంది. అప్పుడు అడుగున లోతు పళ్లెం పెట్టి దాన్నిండా నీళ్లు పోసి అరగంట వదిలేయండి, కిందనుంచి పీల్చుకుంటుంది. తర్వాత మిగిలిన నీళ్లు పారబోయండి. పళ్లెంలో నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ తయారవుతుంది.

10 లీటర్ల బకెట్టు మోయకండి. 5 లీటర్ల రోజ్‌క్యాన్లు (జల్లుమూతి ఉన్న నీళ్ల డబ్బాలు) రెండు తీసుకుని, ఒక్కోదాంట్లో మూడున్నర లీటర్లే నింపి, చేతికొకటి పట్టుకుంటే బరువు రెండు పక్కలా సమంగా పడుతుంది. పైపు వాడితే మొదట వచ్చే నీళ్లు ఎండకు కాగి ఉంటాయి, చల్లబడేదాకా పక్కకు వదలండి.

డ్రిప్ పెట్టించుకుంటే శ్రమ చాలా తగ్గుతుంది. గంటకు 2 లీటర్లు చుక్కలుగా వదిలే డ్రిప్పర్ అరగంటలో లీటరు ఇస్తుంది. మీటరు ఎత్తున డ్రమ్ము పెట్టి దానికి తగిలించాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ ఎత్తునుంచి వచ్చే ఒత్తిడి 0.1 బార్ మాత్రమే. ఒత్తిడిని సర్దే రకం డ్రిప్పర్లు అంత తక్కువకు సరిగా పనిచేయవు. తిప్పి సరిచేసుకునే మామూలు రకం తీసుకోవాలి, ముందు జల్లెడ ఫిల్టరు ఉండాలి.

7. ఎరువు, చీడ

కలిపిన ఎరువు మొదటి నెలకు సరిపోతుంది. తర్వాత పదిహేను రోజులకోసారి కుండీకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేసి పైమట్టిని వేళ్లతో గుల్ల చేయండి. పూత దశలో వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, పదింతల నీటితో పలచన చేసి పోయొచ్చు. కంపు మాత్రం భరించాలి. పలచన చేయకుండా పోస్తే వేళ్లు మాడతాయి.

మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండూ ఆకు అడుగునే ఉంటాయి. పేనుబంక, పిండినల్లి కనబడితే ముందు నీటిధారతో కొట్టి రాల్చండి. ఆ తర్వాతే వేపనూనె: లీటరు గోరువెచ్చని నీటికి 1 మిల్లీలీటరు ద్రవ సబ్బు, 5 మిల్లీలీటర్ల నూనె బాగా గిలకరించి, సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా పిచికారీ చేయాలి. అయిదారు రోజులకోసారి మూడుసార్లు. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. టమాటా ఆకులు చిన్నవై పసుపెక్కి ముడుచుకుని ఎదుగుదల ఆగిపోతే అది తెల్లదోమ తెచ్చిన వైరస్. దానికి మందు లేదు. మొక్కను సంచిలో కట్టి పారేయడమే.

టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడితే చాలామంది తెగులనుకుని మందు కొడతారు. కాయకు సున్నం (కాల్షియం) అందకపోవడం అది. తరచుగా మట్టిలో సున్నం ఉండే ఉంటుంది. ఒకరోజు ఎండబెట్టి మరురోజు ముంచెత్తడం వల్ల అది కాయదాకా చేరదు. నీటి పద్ధతి సరిచేస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. పగలు 35 డిగ్రీలు దాటినప్పుడు టమాటా పూత రాలడం మామూలే, అప్పుడు ఎరువు పెంచవద్దు. గాలి ఆడని వరండాలో పూలగుత్తిని ఉదయం వేలితో మెల్లగా మీటితే పుప్పొడి రాలి పిందె కడుతుంది.

8. ఒంటి సంగతి

ఎండ ముదరక ముందు ఒక విడత, చల్లబడ్డాక ఒక విడత, ఒక్కోటి 20 నిమిషాలు. ఒకే భంగిమలో పది నిమిషాలకు మించి ఉండకండి. రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లకు ఎండలో ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది, వంగి లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. లేచేముందు గట్టి కడ్డీనో గోడనో పట్టుకోవాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు చేతితొడుగులు, మూసిన చెప్పులు లేకుండా మట్టిలో దిగవద్దు. టెటనస్ బూస్టరు పదేళ్లకోసారి వేయించుకోవాలి. కత్తెర, తాపీ పిడులు సన్నగా ఉండి పట్టు దొరకకపోతే ఫోమ్ గొట్టం తొడగండి. పిడి 3 నుంచి 4 సెంటీమీటర్ల మందముంటే వేళ్ల కీళ్లమీద భారం తగ్గుతుంది.

9. తోటివాళ్లను అడగడం, ఊరెళ్లడం

మొక్కలు పెంచేవాళ్ల మధ్య కబుర్లకు కొదవుండదు. కాకపోతే "మా టమాటా బాగోలేదండీ, ఏం చేయాలి?" అంటే ఎంత తెలిసినవాళ్లూ ఏమీ చెప్పలేరు. నాలుగు వివరాలు ఇవ్వండి: కుండీ ఎన్ని లీటర్లది, ఎండ ఎన్ని గంటలు, నీళ్లు చివరిసారి ఎప్పుడు పోశారు, మచ్చ ముందు కింది ఆకుల్లో వచ్చిందా పై ఆకుల్లోనా. ఆకు అడుగుభాగం ఫొటో, మొక్క మొత్తం ఫొటో రెండూ చూపించండి. కింది ముదురాకులు ముందు పసుపెక్కితే తరచుగా నత్రజని లోటు, పై లేతాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోటు. ఈ ఒక్క ముక్కతో సగం చిక్కు విడిపోతుంది. గింజలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కాగితం పొట్లంలో వేసి రకం, ఎండబెట్టిన నెల రాసివ్వండి. హైబ్రిడ్ మొక్కనుంచి తీసిన గింజలైతే ఆ మాట ముందే చెప్పాలి, వాటి పిల్లలు తల్లిలా రావు.

మూడు నాలుగు రోజులు ఊరెళ్తే కదపగలిగిన కుండీలను (గ్రోబ్యాగులను కాదు) నీడకు చేర్చి, ఒకదానికొకటి ఆనించి, బాగా తడిపి, పైన ఎండుటాకులు రెండంగుళాలు కప్పితే చాలు. వారమైతే బకెట్టులో నీళ్లు నింపి కుండీ కన్నా కాస్త ఎత్తున పెట్టి, మందపాటి నూలు వత్తి ఒక కొస బకెట్టు అడుగున, రెండో కొస మట్టిలో మూడంగుళాల లోతున పాతండి. బయల్దేరడానికి రెండు రోజుల ముందే అమర్చి, బకెట్టులో మట్టం రోజుకు ఎంత తగ్గుతోందో చూసుకోవాలి.

అంతకు మించితే పక్కింటివాళ్లకు అప్పగించాల్సిందే. "అప్పుడప్పుడు నీళ్లు పోయండి" అని వదిలేస్తే వాళ్లు భయపడి రోజూ ముంచెత్తుతారు. ఎర్రదారం కట్టిన కుండీలకు రోజూ ఒక సీసా, దారం లేనివాటికి రోజు విడిచి రోజు ఒక సీసా అని చెప్పి, ఆ లీటరు సీసా అక్కడే పెట్టి వెళ్లండి. కాసిన కాయలు కోసుకోమని మరీమరీ చెప్పండి. ముదిరిన కాయలు చెట్టుమీదే ఉంటే బీన్స్ కొత్త పూత తగ్గించేస్తాయి. తిరిగొచ్చేసరికి ఏ కుండీ అయినా వడలి ఉంటే ఒక్కసారే ముంచకుండా సగం నీళ్లు పోసి, అరగంట ఆగి మిగతా సగం పోయండి. పూర్తిగా ఎండిన కొమ్మలను మాత్రం వారం ఆగాకే కత్తిరించండి, కణుపుల దగ్గర చిగురు వేసేందుకు ఆ మాత్రం వ్యవధి కావాలి.